ఆస్థాన సాక్షి

“బేడీలు వెయ్యవయ్యా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

హెడ్ కానిస్టేబుల్ కదల్లేదు. బెంచీ మీద కూర్చున్నది స్టేషన్ ఎదుటి జిరాక్స్ షాపాయన. ఊళ్లో అందరికీ జిరాక్స్ బాబాయ్. పదేళ్లుగా ఈ స్టేషన్‌లో ఏ దొంగని పట్టినా, ఏ కత్తి దొరికినా “నా కళ్లెదుటే జరిగింది” అని సంతకం పెట్టే పెద్దమనిషి ఆయనే. అలాంటి ఆస్థాన సాక్షికి బేడీలు వెయ్యడానికి హెడ్డుకి చేతులు రాలేదు.

“ముందు కారణం చెప్పాలి సార్,” అన్నాడు బాబాయ్ నింపాదిగా. “తర్వాత మా ఆవిడకి కబురు చెయ్యాలి, లాయర్ని పిలవనివ్వాలి, ఇరవై నాలుగు గంటల్లో జడ్జిగారి ముందు నిలబెట్టాలి. ఆ కాగితాలన్నీ జిరాక్స్ తీసేది నేనే కదా, కంఠతా వచ్చేశాయి.”

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది. “కారణం కావాలా? మంగళవారం పొద్దున పదకొండింటికి నగల దుకాణంలో కత్తి చూపించి రెండు కిలోల బంగారం దోచుకుపోయావు. మొహానికి మఫ్లరున్నా కెమెరాలో ఆ నడక అచ్చం నీదే. దుకాణం యజమాని కూడా గుర్తుపట్టాడు. పదేళ్లకి తక్కువ శిక్ష పడదు.”

“మంగళవారం నేను ఊళ్లోనే లేను సార్.”

“మరెక్కడ చచ్చావు?”

“నాకేం గుర్తు? మీ ఫైల్లో చూడండి.”

హెడ్డుకి చప్పున ఏదో గుర్తొచ్చింది. బీరువాలోంచి హత్య కేసు ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ పైకే చదివాడు.

“మంగళవారం ఉదయం పదకొండు గంటలకు, ఊరికి అరవై కిలోమీటర్ల దూరంలోని రాళ్ల క్వారీలో, స్టేషన్ జీపులో మా వెంట వచ్చిన ఈ కింది సాక్షి సమక్షంలో హత్యకు వాడిన గొడ్డలిని స్వాధీనం చేసుకున్నాము.”

ప్రతి పేజీ కిందా బాబాయ్ సంతకం, ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంది.

“ఈయన క్వారీకి వచ్చాడా?”

హెడ్డు గొంతు తగ్గించి చెప్పాడు. “లేదు సార్. మర్నాడు పదకొండింటికి క్వారీ పని అని చెప్పి, సోమవారమే షాపులో తెల్లకాగితాల మీద సంతకాలు తీసుకున్నాం. ఎప్పుడూ అంతే కదా సార్.”

“అయితే ఆ ముక్కే జడ్జిగారితో చెబుదాం. ఈయన లోపలికి పోతాడు.”

“తప్పకుండా చెప్పండి,” అన్నాడు బాబాయ్. “ఆ హంతకుడు దర్జాగా బయటికొస్తాడు. పదేళ్లుగా నా సంతకంతో లోపలికెళ్లినవాళ్లంతా వాడి వెనకే వస్తారు. అది సరే, నా సంతకం కింద ఉన్నదెవరిది సార్?”

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. తనదే. హెడ్డు ముందు పెట్టిన కాగితాల మీద చదవకుండా గీకేసిందే. మంగళవారం పదకొండింటికి తను ఇంట్లో కాళ్లు బార్లా చాపుకుని నిద్రపోతున్నాడు.

“మనిద్దరం ఒకే జీపులో వెళ్లాం,” అన్నాడు బాబాయ్. “కాగితం అదే చెబుతోంది. నేను దొంగనంటే, ఆ దుకాణం దగ్గర జీపు ఆపింది మీరే అవుతారు.”

ఉద్యోగం, పింఛను రెండూ గిర్రున కళ్లముందు తిరిగాయి. ఇన్‌స్పెక్టర్‌కి నిజంగానే భయం వేసింది. ఫైలు మూసేశాడు.

“పెద్దాయన్ని పంపించెయ్,” అన్నాడు సన్నగా.

బాబాయ్ చొక్కా దులుపుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

“ఎలాగూ వచ్చాను కాబట్టి, వచ్చే గురువారానికి కూడా సంతకాలు పెట్టేసి వెళ్తాను సార్. ఆ రోజు నాకు బ్యాంకులో కాస్త పనుంది.”