కొర్రమట్ట తనిఖీ

"అట్ల గుంజకుండ్రి సార్. కొర్రమట్ట ముందుగాల నోట పట్టుకుంటది, మింగదు. మూడు లెక్కబెట్టి గుంజుండ్రి."

సుందర్‌రాజు ఎంత నెమ్మదిగా చెప్పినా తనిఖీ అధికారి కామేశ్వరరావు చెయ్యి ఆగలేదు. గాలం ఖాళీగా పైకి లేచి ఆయన టోపీకే తగులుకుంది.

"వీడియోల్లో తగలగానే లాగమంటారయ్యా," అన్నాడాయన టోపీ తీస్తూ.

"వీడియోలల్ల చేపలు చెప్పినట్టు ఇంటయేమో సార్. ఇవి గడ్డపోతారం చేపలు."

గడ్డపోతారంలోని ఆ మందుల కంపెనీ వెనక, శుద్ధి చేసిన నీళ్ళు చేరే సిమెంటు కుంట అది. బోర్డు మీద 'శుద్ధ జల తటాకం' అని ఉంటుంది. కార్మికులు మాత్రం షోకేసు కుంట అంటారు. అందులో చేప బతికితే నీళ్ళు శుభ్రమైనట్టు, కంపెనీకి అనుమతి కాగితం వచ్చినట్టు. ఇంత సులువైన సైన్సు ఏ కాలేజీలోనూ చెప్పరు. కొత్తగా వచ్చిన కామేశ్వరరావు ఇంకో మెట్టు ఎక్కాడు. చేపల్ని చూస్తే చాలదట, ఆయనే స్వయంగా గాలం వేసి పట్టాలట. ల్యాబు రిపోర్టులు చూపించబోతే పక్కకు తోసేసి, "నా గాలమే నా ల్యాబు" అన్నాడు.

అసలు సంగతి సూపర్‌వైజర్ సుందర్‌రాజుకీ, ప్లాంటు మేనేజర్ తేజస్వినికీ తెలుసు. ఆ నీళ్ళలో రవ్వ చేప పది నిమిషాలు కూడా ఉండదు. కొర్రమట్ట పైకొచ్చి గాలి పీల్చుకునే రకం కాబట్టి గంట దాకా నెట్టుకొస్తుంది. అందుకే పటాన్‌చెరు మార్కెట్లో చేపలమ్మే మొగులమ్మ దగ్గర మూడు కొర్రమట్టలు తెచ్చి, అధికారి కారు గేటు దాటుతుండగా కుంటలో వదిలారు. అప్పుడు పదిన్నర. ఇప్పుడు పదకొండు దాటింది. రెండు చిన్నవి అప్పుడే వెల్లకిలా తేలాయి. ఆయన టోపీ నుంచి గాలం విడదీసుకునే లోపు సుందర్‌రాజు వాటిని వలతో ఎత్తి గోడ అవతలికి విసిరేశాడు. ఇక మిగిలింది ఒక్కటే.

"ఇవాళ కాగితం రాకపోతే రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు," అని తేజస్విని పొద్దున్నే సుందర్‌రాజుకి తేల్చి చెప్పింది. నీళ్ళు శుద్ధి చేసే మిషను పాడై నాలుగేళ్ళయింది. బాగు చేయించమని అతను రాసిన ఉత్తరాలన్నీ ఆమె సొరుగులోనే భద్రంగా ఉన్నాయి. అయినా నీళ్ళు బాగాలేకపోతే తప్పు సూపర్‌వైజరుది. పంతొమ్మిదేళ్ళు ఇక్కడే పనిచేసిన తనని యాభై రెండేళ్ళ వయసులో ఇంకెవరు తీసుకుంటారని సుందర్‌రాజుకి నిజంగానే భయం వేసింది.

"జెర జల్దీ ఏయుండ్రి సార్," అంటూ గాలానికి ఇంకో వానపామును గుచ్చి ఇచ్చాడు. అది మెలికలు తిరుగుతుంటే కామేశ్వరరావు మొహం చిట్లించాడు.

"చేపల వేటలో తొందర పనికిరాదయ్యా. ఓపిక ఉండాలి. ఏమ్మా, చక్కెర లేకుండా ఒక టీ చెప్తారా?" అని పక్కనే నిలబడ్డ తేజస్వినిని అడిగాడు.

టీ వచ్చింది. ఆయన ఊదుకుంటూ తాగుతూ, ఏ నీళ్ళలో ఏ దారం వాడాలో, ఏ దేశంలో ఏ కర్ర తయారవుతుందో పూసగుచ్చినట్టు చెప్పాడు. తేజస్విని ప్రతి మాటకీ తలూపింది. సుందర్‌రాజు మాత్రం కుంట వైపే చూస్తూ, 'ప్రభువా, నీ శిష్యులకు వల నిండ చేపలిచ్చినవు. నాకు ఒక్కటి చాలు' అని లోపల్లోపల ప్రార్థించాడు.

మూలన రెండు బుడగలు లేచాయి.

"అగో సార్, గాలికొచ్చింది. బుడగల మీద ఏయొద్దు, బెదురుతది. జెర ముంగట ఏయుండ్రి. దారం వదులు పెట్టుండ్రి."

దారం కదిలింది. కామేశ్వరరావు చెయ్యి మళ్ళీ దురద పెట్టింది. సుందర్‌రాజు మర్యాద మరిచి ఆ మణికట్టు పట్టేసుకున్నాడు.

"ఒకటి... రెండు... మూడు. ఇగ గుంజుండ్రి."

కర్ర విల్లులా వంగింది. కిలోన్నర కొర్రమట్ట గట్టు మీద పడి తోకతో టపటపా కొట్టింది. తేజస్విని చప్పట్లు కొట్టింది. సుందర్‌రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బతికే ఉందా? బాగా చూడవయ్యా. నాకు బతికున్నదే కావాలి."

"మస్తుగ ఉన్నది సార్."

కామేశ్వరరావు అక్కడికక్కడే సంతకం పెట్టాడు. నీరు జలచరాలకు అనుకూలం అని కింద ఒక వాక్యం కూడా రాశాడు. కాగితం మాత్రం చేతిలోనే ఉంచుకున్నాడు.

"శుభ్రం చేయించి ప్యాక్ చేయిస్తాం సార్, ఇంట్లో పులుసు పెట్టించండి," అంది తేజస్విని.

"ఛ, నేను పట్టిన చేపను తినను. పట్టడం, వదలడం. అదే నా సిద్ధాంతం."

అలసిపోయిన చేపను మళ్ళీ ఆ నీళ్ళలో వేస్తే ఆయన కళ్ళముందే తేలుతుంది.

"వదలకుండ్రి సార్," సుందర్‌రాజు కుంటకు అడ్డంగా నిలబడ్డాడు. "కొర్రమట్ట ఒంటికి మస్తు మంచిది. మా ఇంటామె బ్యూలా చేసిస్తది, ఇంటికి తెచ్చిస్త."

ఆయన వినిపించుకోలేదు. డ్రైవర్‌ని పిలిచి కారులోంచి మూత ఉన్న బకెట్ తెప్పించాడు. అందులో మంచినీళ్ళు, గాలి కొట్టే చిన్న మిషను ఉన్నాయి. చేపను పసిపాపలా రెండు చేతులతో ఎత్తి అందులో దించి, తేరుకునేదాకా చూశాడు.

ఇంతలో ఫోన్ మోగింది. "ఆఁ, పన్నెండింటికల్లా మీ కంపెనీకి వచ్చేస్తా. కుంట దగ్గర కుర్చీ వేయించండి," అని పెట్టేశాడు.

తేజస్విని బకెట్‌లోకి తొంగిచూసింది. "సార్, మరి... చేపను ఇప్పుడే వదులుతారా?"

కామేశ్వరరావు కాగితం ఆమె చేతిలో పెట్టి, బకెట్ మూత బిగించాడు.

"ఇక్కడెందుకమ్మా, పక్క కంపెనీ కుంటలో వదలాలి."