తాగుబోతు కాలేయం

"తాగి తాగి లివర్ కుళ్లబెట్టుకున్నాడు. ఆపరేషనయినా పొగరు మాత్రం తగ్గలేదు," అంది ఎదురింటావిడ, పాపను గేటు లోపలికి పంపుతూ. మెకానిక్‌కు వినపడాలనే అంది.

అతను స్కూటర్ తుడుస్తూ తలెత్తాడు. "పొగరు కోసే కత్తి ఏ డాక్టరు దగ్గరా లేదు వదినా!"

ఆవిడ మూతి తిప్పుకుని వెళ్లిపోయింది.

మెకానిక్ భార్య వీధిలోని పసిపిల్లల్ని పగలంతా చూసుకుంటుంది. అదే ఆమె పనీ, ప్రాణమూ. ఈ వీధి తల్లులకు భయాలు జాస్తి. పక్క వీధి ఆయాకు కామెర్లని తెలియగానే పిల్లల్ని మాన్పించేశారు. తగ్గాక కూడా ఒక్కరూ పంపలేదు. ఈమెనైతే నెత్తిన పెట్టుకుంటారు. ఇంత మంచి మనిషికి ఇలాంటి మొగుడా అని జాలిపడతారు.

పోయినేడు ఆ ఇంటికి తాళం పడి, కాలేయానికి క్యాన్సరట అని తెలిసినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. మెకానిక్ తాగుడు లోకమెరిగిందే.

గడ్డను కోసి తీసేశారు. మళ్లీ రావచ్చని కూడా చెప్పారు. రోజూ మాత్ర పడాలి, మూడు నెలలకోసారి స్కాన్ తీయాలి, మందు చుక్క ముట్టకూడదు. ఆనాటి నుంచి ఆ ఇంట్లోకి సీసా రాలేదు. పొద్దున్నే మాత్ర గొంతు దిగితే గానీ మెకానిక్ గడప దాటడు.

పాత నేస్తం షెడ్డుకొచ్చి ఊరించాడు. "ఒక్క గుక్కకే చస్తావా బావా?"

"నేను చావను గానీ, నీ సీసా పగులుద్ది. ఆ మాయదారి రోగాన్ని మళ్లీ నా ఇంటి ఛాయలకు రానివ్వనురా!"

ఇవాళ స్కాన్, పిల్లలకు సెలవు. దారిలో స్కూటర్ వెనక నుంచి భార్య అంది. "వాళ్ల మాటలకు ఒళ్లు మండిపోతోందండీ. గట్టిగా నాలుగు చెప్పేయనా?"

"నోరు విప్పావో, చూడు! నా పేరు ఎప్పుడో చెడింది. కొత్తగా చెడేదేముంది?"

డాక్టరమ్మ తెర మీద బొమ్మల్ని చాలాసేపు చూసింది. మెకానిక్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఎక్కడా లేదు," అందామె.

"రమ్మనండి, చూద్దాం దాని సంగతి!" అన్నాడు మెకానిక్.

డాక్టరమ్మ నవ్వి, "కోత మచ్చ కూడా ఓసారి చూస్తాను, పడుకోండి," అంది.

చేతిసంచి మెకానిక్‌కు అందించి, అతని భార్య మంచమెక్కి పడుకుంది.