మూడు రంగుల్లో లేని నలుపు

“ఈ నలుపు ఎక్కడిది?”

మాస్టారి కేకకు బొమ్మల క్లాసులో కుంచెలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. గోడమీద అప్పుడే తగిలించిన బొమ్మ ముందు నిలబడి ఆయన చూపుడువేలు ఆడిస్తున్నాడు. ఆ బొమ్మ ఆయనదే. నుదుటి ముడతలు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, ఎవరేం చెప్పినా వినేది లేదన్నట్టు బిగించిన పెదవులు, అన్నీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. జుత్తు మాత్రం నల్లగా ఉంది. మామూలు నలుపు కాదు, కారునలుపు.

ఊళ్ళో ఆయన్ని అందరూ మూడురంగుల మాస్టారంటారు. తన దగ్గర చేరినవాళ్ళకు ఎరుపు, పసుపు, నీలం ట్యూబులు చేతిలో పెడతాడు. ఇక లోకంలో ఉన్న రంగులన్నీ వాటిలోంచే పుట్టాలి. నల్ల ట్యూబు గడప తొక్కకూడదు. “రెడీమేడ్ నలుపంత పచ్చి అబద్ధం ఇంకోటి లేదు” అన్నది ఆయన ఊతపదం. ఆ సాయంత్రమే విద్యార్థుల బొమ్మల ప్రదర్శన. ‘నాలుగో రంగు చూపించండి, క్లాసు మూసేస్తాను’ అని గుమ్మంలో బోర్డు కూడా పెట్టించాడు. పెట్టించినప్పుడు బాగానే ఉంది.

“ఎవరు వేశారిది?” అన్నాడు, ఎవరు వేశారో తెలిసే.

వెనక బల్ల దగ్గర ఆయన భార్య లేచి నిలబడింది. ఏడాదిగా ఆమె కూడా ఇక్కడ విద్యార్థే. ఈ గుమ్మం లోపల మొగుడూ పెళ్ళాం వరసలు చెల్లవని ఆయన మొదటిరోజే తేల్చి చెప్పాడు. ఇంట్లో ‘ఏమండీ’, ఇక్కడ ‘మాస్టారూ’.

“నేనే, మాస్టారూ. జుత్తొక్కటీ మిగిలితే ఇంటికి తీసుకెళ్ళి ముగించాను.”

“నల్ల ట్యూబు కొన్నావా?”

“కొనలేదు.”

“మూడూ కలిపితే వచ్చిందా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. పరాయివాళ్ళు చేశారంటే సరే, కట్టుకున్న మనిషి! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇక్కడ రచ్చ మొదలవకముందే ఇంట్లో కొంప మునిగింది.

“కంచే చేను మేస్తే ఇక నేను ఎవర్ని అదిలించను? సాయంత్రం ఎవడో ఒకడు వేలు పెట్టి చూపిస్తాడు. నా పరువేం కావాలి?”

“పోనీలెండి మాస్టారూ, జుత్తే కదా” అంది రిటైరైన నర్సమ్మ.

“జుత్తే కదా అంటారేమిటండీ! నల్లజుత్తులో నలుపెక్కడుంది? వెలుగు పడ్డచోట నీలం, నీడలో ముదురు ఎరుపు. ఇదిగో, నా తల చూడండి!” అంటూ కిటికీ వైపు తల వంచాడు. అందరూ దగ్గరికి జరిగి చూశారు. ఎవరికీ నీలం కనపడలేదు. అయినా ఆయన కోపం చూసి బుద్ధిగా తలలూపారు.

“నేనూ అలాగే చూశాను మాస్టారూ. ఎన్నిసార్లు కలిపినా ఆ రంగు రాలేదు” అంది భార్య. “కనిపించింది కనిపించినట్టు వెయ్యమన్నది మీరేగా?”

“రాకపోతే దొంగతనం చేస్తావా?”

ఆమె మొహం జేవురించింది. “ఆ మాట అనకండి. నేను ఒకరి డబ్బాలో చెయ్యి పెట్టలేదు.”

“ఇప్పుడే తేలుస్తా!”

మాస్టారు కుంచె తడిపి బొమ్మ జుత్తు మీద రుద్దాడు. కలిపిన నలుపైతే నీళ్ళు తగలగానే విడిపోయి నీలమో ఎరుపో బయటపడాలి. ట్యూబు నలుపైతే బూడిదరంగులో కిందికి కారాలి. ఇది కదల్లేదు. ఇంకాస్త నీళ్ళు పెట్టి రుద్దాడు. కాగితం చిరిగేలా ఉంది గాని రంగు దిగలేదు. వంగి వాసన చూశాడు. బాగా ఎరిగిన వాసనే. కోపంలో ఎక్కడిదో తట్టలేదు.

“భలే పట్టిందే! అది ఏ రంగో చెబితే నా గుడ్డలకు వాడుకుంటాను” అన్నాడు ముందు బల్ల దర్జీ. ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారి కోపం నషాళానికెక్కింది.

“ఇంటికెళ్ళాక చెబుతాను” అంది భార్య గొంతు తగ్గించి.

“ఇక్కడ ఇల్లూ లేదు, వాకిలీ లేదు!”

“ఏమండీ, నా మాట వినండి...”

“మాస్టారూ అను!”

గోడకున్న గుండుసూదులు పీకి, బొమ్మను రెండు చేతులా పట్టుకున్నాడు, చించడానికి సిద్ధంగా. ఆమె బొమ్మ గోడెక్కడం అదే మొదలు. ఎన్ని కాగితాలు పాడుచేసుకుంటే వచ్చిందో ఆమెకే తెలుసు. ఆయన పరువు పోకూడదని చూస్తే తననే దొంగ అంటాడా అని ఉక్రోషం ముంచుకొచ్చింది.

“నిజం చెబితే ఇది గోడమీదే ఉంటుంది. చెప్పకపోతే రెండు ముక్కలు” అన్నాడు మాస్టారు. “గుసగుసలు కాదు. చివరి బల్లదాకా వినపడాలి. ఎక్కడిదీ నలుపు?”

ఆమె రంగు చేతులు గుడ్డకు తుడుచుకుని, తల ఎత్తి, చివరి బల్లదాకా వినపడేలా చెప్పింది:

“పొద్దున మీరు తలకు పట్టించుకోగా గిన్నెలో మిగిలింది, మాస్టారూ!”