కిలోంజో చెట్టు మీద ఎర్ర గుర్తు

కిలోంజో తన చెట్టు వెనక్కి వెళ్లి చూసేసరికి మాను మీద ఎర్ర గుర్తు పడి ఉంది.

పంతొమ్మిదేళ్లుగా ఆ జకరండా మానుకే అద్దం తగిలించి, దాని నీడలోనే క్షవరాలు చేస్తున్నాడు. చెట్టు పోతే దుకాణం పోయినట్టే.

వీధిలో పద్నాలుగు జకరండాలున్నాయి. పురుగు తొలిచేస్తోందనీ, రోగం పట్టినవాటిని సోమవారం కొట్టేసి కొత్త మొక్కలు నాటుతామనీ చెట్ల ఆఫీసరు ముందే చాటించాడు. ఇందాక ఆ ఆఫీసరే రంగు డబ్బాతో వచ్చి, ఫోన్లో మాట్లాడుతూనే, "ఈ చెట్టు జాగ్రత్త పెద్దాయనా" అనేసి వెళ్లిపోయాడు. ఇంక అడగడానికేముంది? ఎర్ర గుర్తు పడ్డ కొట్టు మర్నాటికి నేలమట్టమని నైరోబీలో పసిపిల్లలకు కూడా తెలుసు.

కిలోంజో కిరసనాయిలుతో గుర్తు తుడిచేశాడు. మధ్యాహ్నం, ఎదురుగా మందాజీలు వేయించి అమ్మే, వీధంతా అమ్మా అన్నట్టు 'మామా' అని పిలిచే మామా ముతోని కునుకు తీస్తుంటే ఆవిడ చెట్టుకు ఎర్రగా పూసేశాడు.

ఆవిడ లేచి శోకాలు పెట్టింది. "నా చెట్టు గుండ్రాయిలా ఉంది! రోగం దీనికి కాదు, ఆ ఆఫీసరు కళ్లకి!"

"ఊరుకో తల్లీ, పురుగు చెప్పి వస్తుందా?" అన్నాడు కిలోంజో. అన్నాక కాస్త సిగ్గేసింది.

సాయంత్రానికి ఆ గుర్తు సైకిళ్లు బాగుచేసే ఒకోత్ చెట్టుకు పాకింది. అక్కడినుంచి పాస్టరుగారి గుమ్మం ముందు చెట్టుకు. ఆదివారం ప్రార్థనకు వచ్చినవాళ్లందరి గోళ్లలోనూ ఎర్ర రంగే. పాస్టరుగారి గోళ్లలో కూడా.

చివరికి ఆయనే రాజీ కుదిర్చాడు. "మనలో మనకెందుకు? కరెంటు స్తంభానికి పూసేద్దాం."

వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. మామా ముతోని అందరికీ మందాజీలు పంచింది.

సోమవారం రంపాలవాళ్లు దిగారు. మధ్యాహ్నానికల్లా పద్నాలుగు చెట్లూ నేలకొరిగాయి. వాటి చోట మోకాలెత్తు మొక్కలు నాటారు. స్తంభం మాత్రం నిక్షేపంగా ఉంది.

అద్దం చంకన పెట్టుకుని ఎండలో నిలబడ్డ కిలోంజో, ఆఫీసరు చొక్కా పట్టుకున్నాడు. "నా చెట్టు మీద గుర్తుందా? గుర్తు లేని చెట్టు ఎందుకు కొట్టించావయ్యా?"

ఆఫీసరు వింతగా చూశాడు.

"రోగం పట్టిన పదమూడింటికీ రంగెందుకు దండగని, కొట్టకూడని ఆ ఒక్కదానికే పూశాను కదా పెద్దాయనా!"