ఎడమవైపు విమానాలు

“ఇది మన ఆట కాదురా! ఎవడో మార్చేశాడు. ఎడమవైపు విమానాలు చెప్పాపెట్టకుండా వచ్చి గుద్దేస్తున్నాయి.” బావ మిషన్ మీద చరిచాడు.

కాలేజీ రోజుల్లో బావా బావమరుదులిద్దరూ పందెం వేసుకుని ఆడిన ఆట అది. ఆ పాత వీడియో గేమ్ మిషన్ ఇంకా కాలేజీ ఎదుటి దుకాణం మూలనే ఉంది.

“ఓడిపోయినప్పుడల్లా మిషన్‌ని తిట్టడం నీకు అప్పుడూ అలవాటే.” బావమరిది నవ్వుతూ మీట అందుకున్నాడు. శత్రు విమానాలు తెర పైనుంచి దిగాయి. “చూడు బావా. ఎడమన మూడు, కుడిన మూడు. అప్పుడూ ఇంతే.”

“ఎడమన ఏవిరా? ఖాళీయేగా!”

ఆ మూడూ తెర మీదే ఉన్నాయి. బావమరిది నవ్వు ఆగిపోయింది.

“కళ్లు చూపించుకున్నావా?”

“మీ అక్క పోరు చాలక ఇక నువ్వా? డాక్టరు దగ్గరికెళితే బస్సు ఆపెయ్యమంటాడు. ఈ వయసులో నాకింకో పని ఎవడిస్తాడు?”

బావ స్కూలు బస్సు డ్రైవరు. గడియారం చూసి జేబులోంచి తాళాలు తీశాడు.

“పద, పిల్లల్ని ఎక్కించుకునే టైమైంది.”

బావమరిది అతని ఎడమ పక్కన నిలబడి, తాళాల కోసం చెయ్యి చాపాడు.

బావ కళ్లు కుడివైపు, దుకాణం తలుపు దాకా వెతికాయి.

“ఎక్కడికి పోయావురా?”