లూసీ ఆంటీ వంతు

ఇంటర్నెట్‌లో వెతకడమే మీ కంపెనీ పని కదా, మనిషి చచ్చిపోయిందన్న కబురు ఒక్కటి మీకు దొరకలేదా? లూసీ ఆంటీ అకౌంట్ మూసేయమని మా సంఘమంతా మొత్తుకున్నా మీరు వినలేదు.

ఈ పరాయి దేశంలో మా ఆష్‌బర్న్ తెలుగు చర్చికి ప్రతి శుక్రవారం రాత్రంతా గొలుసు ప్రార్థన. ఎవరి వంతు ఎప్పుడో మీ క్యాలెండర్ చెప్తుంది. మీ వీడియో కాల్‌లోనే ప్రార్థిస్తాం. తర్వాతివాళ్లు వచ్చి "స్తోత్రం" అనేదాకా ముందువాళ్లు కాల్ వదలకూడదు.

నా తర్వాతి వంతు లూసీ ఆంటీది. ఆవిడ భూస్థాపన జరిగి నెల దాటింది. క్యాలెండర్‌లోంచి ఆవిడ పేరు తీసేసిన ప్రతిసారీ మళ్లీ వచ్చి కూర్చుంటోంది.

నిన్న నా ప్రార్థన ముగిసేసరికి ఆంటీ ఫొటో తెరమీదికొచ్చింది. మాట లేదు. ఆంటీ చివరిదాకా వాడిన ఆక్సిజన్ మెషీన్ గురగుర మాత్రం వినిపించింది. ఆవిడ పోయాక ఆ మెషీన్ తిరిగిచ్చి వచ్చింది నేనే.

"ఎవరండీ కాల్‌లో?" పక్కగదిలోంచి నా భార్య పర్సిస్ అడిగింది.

"ఎవరూ లేరు. పడుకో."

"మరి లూసీ ఆంటీలా దగ్గుతున్నారేంటి?"

మెషీన్ ఆగింది. కాల్‌లో ఎవరో మెల్లగా "స్తోత్రం" అన్నారు.

వెంటనే ఫోన్‌కి మీ క్యాలెండర్ నోటిఫికేషన్ వచ్చింది. వచ్చే శుక్రవారం ఆంటీ తర్వాతి వంతు మా అమ్మాయి ప్రిస్సిల్లాకు పడింది. దానికి ఏడేళ్లు. మీ దగ్గర దానికి అకౌంటే లేదు. కింద తెలుగులో "వస్తాను" అని జవాబు కూడా ఉంది. మా పిల్లకు తెలుగు రాయడం రాదు.

మీ సారీలు నాకొద్దు. ఆ అకౌంట్ సంగతి తర్వాత చూద్దాం. శుక్రవారం పొద్దుగూకేలోపు నా బిడ్డ పేరు అక్కణ్ణుంచి తీసేయండి.