ముందుగాల ఎక్కిన పెట్టెలు

నాగపూర్ నుంచి సబ్బుల లారీ నిర్మల్ల మా కొత్త దుకాణం ముందల ఆగింది. దుకాణం నాదీ, మా అక్క మొగడు పోశెట్టి బావదీ. రేపే తెరిచేది, మామిడాకులు గూడ కట్టిన.

సరుకు దగ్గరుండి ఎక్కిచ్చుకొచ్చిన బావ కిందికి దిగిండు. నేను లారీ ఎనక తలుపు తీసిన. అన్నీ చక్కెర బస్తాలే.

"సబ్బు పెట్టెలేవి బావా?"

"బస్తాల అవతల, లోపల ఉన్నయి. హమాలోళ్లు తప్పు పేర్చిండ్రు రాజలింగూ. జగిత్యాలల బస్తాలు దించినంక తెచ్చిస్త."

"ఆఖర్ల దించేటియి ముందుగాల ఎక్కియ్యాలెనని నాకు నేర్పింది నువ్వే. గీ లారీ ఆఖర్ల ఆగేది కరీంనగర్ల. ఆడ ఎవలికి అమ్మినవ్?"

"అమ్మలే. ఆడ నా సొంత దుకాణం పెడుతున్న."

"మా అక్కకు ఎరుకనా?"

బావ తలుపు మూసి గొళ్లెం పెట్టిండు.

"జాగ చూసిందే మీ అక్క."